పర్సంటైల్ చూసి గ్రూపు తేల్చేయకండి

నెల్లూరైనా ఒంగోలైనా, పదో తరగతి పిల్లలున్న ఇంటికి పరీక్షలు కాకముందే ఇంటర్ కాలేజీల పీఆర్వోలు వచ్చేస్తారు. అడ్వాన్సు కట్టేశాక, పిల్లకు ఏ పని సహజంగా అబ్బుతుందో చూసే ఆప్టిట్యూడ్ టెస్టు పెట్టించి లాభం లేదు. ఆ రిపోర్టు ఎవరూ చదవరు. తొమ్మిది చివర్లోనో, పదిలో దసరా సెలవుల్లోపో పెట్టించాలి.

ఇది ఒకే పరీక్ష కాదు, కొన్ని చిన్న పరీక్షల కట్ట. తొమ్మిది, పది తరగతుల కోసం ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ‘తమన్నా’లో ఏడు భాగాలు: భాష, అమూర్త తర్కం (బొమ్మల్లో క్రమం పట్టుకోవడం), మాటల తర్కం, యాంత్రిక తర్కం, సంఖ్యలు, స్థలాకృతులు (ఆకారాలను మనసులో తిప్పి చూడడం), చూసి పోల్చే వేగం. పాసు, ఫెయిలు ఉండవు. వీటిలో ‘డాక్టరు’ అనే భాగమే లేదని గమనించండి. బైపీసీ సరిపోతుందని స్కోర్లను బట్టే రాసిచ్చే రిపోర్టును నమ్మకండి. ఆసక్తుల ప్రశ్నావళి, సైన్సు మార్కులు పక్కన పెట్టుకుని చూడాల్సిన విషయమది.

ఎక్కువమంది బోల్తా పడేది పర్సంటైల్ దగ్గర. 66 అంటే నూటికి 66 మార్కులు కాదు, పోల్చిన పిల్లల్లో సుమారు 66 శాతం మందిని దాటినట్టు. కొన్ని రిపోర్టుల్లో మార్కుల్ని టీ-స్కోరు అనే కొలబద్దలోకి మార్చి ఇస్తారు. అందులో సగటు 50, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) 10. టెస్టు విశ్వసనీయత, అంటే ఫలితం ఎంత నిలకడగా ఉంటుందో చెప్పే అంకె, 0.84 అయితే కొలతలో దోషం 4 పాయింట్లు. అంటే 50 వచ్చిన పిల్ల అసలు స్థాయి 46, 54 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అదీ మూడింట రెండు వంతుల నమ్మకంతోనే. పర్సంటైల్లో ఇది 34 నుంచి 66 దాకా సాగుతుంది. అదే 65 వచ్చిన పిల్లకైతే ఇంతే దోషం, 61కీ 69కీ మధ్య, పర్సంటైల్లో 86 నుంచి 97 దాకానే. అందుకే సంఖ్యల్లో 58, మాటల్లో 45 పర్సంటైల్ వస్తే ‘లెక్కల పిల్ల’ అని ఎంపీసీలో వేయడం తొందరపాటు.

తర్వాతిది భాష. మాటల తర్కం తక్కువ, అమూర్త తర్కం బాగా ఎక్కువ వస్తే ముందు టెస్టు ఏ భాషలో పెట్టారో అడగండి. కావలి, ఆత్మకూరు పల్లెల్లో తెలుగులో ఆలోచించే పిల్లకు ఇంగ్లిషు టెస్టు పెడితే కొలిచింది ఇంగ్లిషునే. బొమ్మల ప్రశ్నలకైనా సూచనలు తెలుగులో చెప్పి, నమూనా ప్రశ్నలు చేయించాకే స్టాప్‌వాచ్ నొక్కాలి. వేగం కొలిచే భాగంలో కొన్ని సెకన్లు అటూ ఇటూ అయినా స్కోరు మారిపోతుంది. ఓఎంఆర్‌లో ఒక వరుస జారితే ఇక చెప్పేదేముంది!

యాంత్రిక తర్కంలో అనుభవం పాలు ఎక్కువ. మోటారు విప్పడం చూసిన కుర్రాడికి కలిసొస్తుంది, పానా ముట్టనివ్వని ఆడపిల్లకు తగ్గుతుంది. ఆ తగ్గుదలను అశక్తతగా చదవకూడదు. యాంత్రికం, స్థలాకృతులు రెండూ బాగుండి సంఖ్యలు ఓ మోస్తరుగా ఉంటే పాలీసెట్ రాయించి డిప్లొమా మెకానికల్, సివిల్ చూడొచ్చు, ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కూడా. చీమకుర్తి గ్రానైట్ యంత్రాలు, కృష్ణపట్నం పోర్టు దగ్గరే ఉన్నా, మన వైపు ఇలాంటి పిల్లల్ని కూడా జేఈఈ బ్యాచిలోకే తోస్తారు.

వేలిముద్రలతో ప్రతిభ చెబుతామనే వాటికి శాస్త్రీయ ఆధారం లేదు, డబ్బు దండగ. మామూలు టెస్టుకైనా ఫీజు కట్టే ముందు మూడు అడగండి: ఏ తరగతి, ఏ మాధ్యమం పిల్లలతో పోలుస్తున్నారు, పోల్చడానికి వాడే ఆ పిల్లల స్కోర్లు ఏ సంవత్సరంవి, రిపోర్టులో దోషపు హద్దులు ఇస్తారా. జవాబు రాకపోతే ఇంకో చోట చూసుకోండి.