పీఎన్‌జీ డీకోడర్ ఫజింగ్: 23 బైట్ల బఫర్‌లో 24వ బైట్

దొరికేసింది! నేను రాసిన పీఎన్‌జీ బొమ్మల డీకోడర్‌లో ఏఎఫ్‌ఎల్ ప్లస్‌ప్లస్ అనే ఫజర్ (ఫైళ్లని అడ్డదిడ్డంగా మార్చి ఇస్తూ ప్రోగ్రామ్ ఎక్కడ పడిపోతుందో వెతికే టూల్) పట్టిచ్చిన ఆ మొండి క్రాష్‌కి కారణం తేలింది. డేటా పాడైందా అని చూసే సీఆర్‌సీ, ఆడ్లర్ తనిఖీలు ఫజింగ్ బిల్డ్‌లో తీసేసి, సీడ్ ఫైళ్లలో (ఫజర్‌కి మొదట ఇచ్చే నమూనాలు) ఐడాట్‌ని, అంటే పిక్సెల్ డేటా ఉండే భాగాన్ని, కుదించకుండా స్టోర్డ్ బ్లాకులుగా పెట్టాక కవరేజ్ (పరీక్షలో నడిచిన కోడ్ వాటా) బాగా పెరిగింది.

క్రాష్ ఫైల్ 4×4, 8 బిట్ గ్రేస్కేల్, ఆడమ్7 ఇంటర్‌లేస్ (బొమ్మలోని పిక్సెళ్లని ఏడు పాస్‌లుగా, అంటే ఏడు చిన్న బొమ్మలుగా, విడదీసి దాచే పద్ధతి). విప్పిన డేటా 23 బైట్లు: 16 పిక్సెళ్లు, పాస్‌లన్నిట్లో కలిపి 7 వరుసలకి ఒక్కో ఫిల్టర్ బైట్ (ఆ వరుసని ఎలా విప్పాలో 0 నుంచి 4 దాకా ఒక అంకెతో చెప్పేది). ఆ 23 దాటి ఒక్క బైట్ చదివామని అడ్రస్ శానిటైజర్ (మెమరీ హద్దులు దాటితే పట్టుకునే టూల్) ఆపేస్తుంది. అది లేకుండా నడిపితే ఏమీ కాదు, ఎందుకంటే 64 బిట్ గ్లిబ్‌సీలో (లినక్స్ సీ లైబ్రరీ) మెమరీ ఇచ్చే మాలాక్‌ని 23 అడిగితే 24 వాడుకోనిస్తుంది. మొదటి అనుమానం కుదించిన డేటాని విప్పే ఇన్‌ఫ్లేట్ మీద, కానీ అది సరిగ్గా 23 ఇస్తోంది. బిట్ డెప్త్ రౌండింగా (పిక్సెల్ బిట్లని పూర్తి బైట్లకి సరిపెట్టే లెక్క)? 8 బిట్‌లో ఆ గొడవే లేదు. వెడల్పు 4 దగ్గరే ఉంచి ఎత్తు మార్చి చూశాను: 8కి 1 బైట్ ఎక్కువ, 9కి 2, 17కి 3. ఎనిమిది వరుసలకొకటి, అంటే రెండో పాస్! అది ఐదో కాలమ్ నుంచి మొదలవుతుంది కాబట్టి వెడల్పు 4 ఉన్న బొమ్మకి అందులో పిక్సెళ్లే ఉండవు, స్పెక్ ప్రకారం ఖాళీ పాస్‌కి ఫిల్టర్ బైట్ కూడా ఉండదు. నా లూప్ మాత్రం వరుసలు లెక్కపెట్టి ఆ బైట్ తినేస్తోంది. వెడల్పు సున్నా అయితే పాస్ దాటేయమని ఒక్క లైన్ చేర్చితే సరిపోయింది.

నన్ను కలవరపెట్టింది వేరే సంగతి. ఒక బైట్ జరిగిపోతే పిక్సెల్ విలువే ఫిల్టర్ టైప్ స్థానంలోకి వస్తుంది. అది 4 దాటితే డీకోడర్ ఎర్రర్ ఇచ్చి మామూలుగా బయటికొచ్చేస్తుంది. దాదాపు నల్లటి బొమ్మ అయితేనే క్రాష్ దాకా వెళ్తుంది. అంటే సన్నటి ఇంటర్‌లేస్ బొమ్మలు, అన్నీ సరిగ్గా ఉన్నవి, ఇన్నాళ్లూ తిరస్కరిస్తూనే ఉంది, ఫజర్‌కి అవి పాడైన ఫైళ్లలాగే కనిపించాయి.

అందుకే తర్వాతి హార్నెస్‌లో (ఫజర్ ఇచ్చిన ఫైల్‌ని డీకోడర్‌కి అందించే చిన్న ప్రోగ్రామ్) అదే ఇన్‌పుట్ ప్రామాణిక పీఎన్‌జీ లైబ్రరీ లిబ్‌పీఎన్‌జీకి కూడా ఇస్తాను, అది ఒప్పుకుని నాది కాదంటే అబార్ట్. అప్పుడు సీఆర్‌సీ తీసేయడం కన్నా కస్టమ్ మ్యుటేటర్‌తో (ఫజర్ ఫైళ్లని మార్చే తీరుకి మనం రాసుకునే కోడ్) సరిచేసి పంపడమే మేలు, రిలీజ్ చేసే కోడ్‌నే పరీక్షించినట్టవుతుంది. లిబ్‌ఫజర్ అనే ఇంకో ఫజర్ మొదలుపెట్టడానికి సులువే గానీ దాన్ని రాసినవాళ్లే కొత్త ఫీచర్ల పని ఆపేశారు, నేను ఏఎఫ్‌ఎల్ ప్లస్‌ప్లస్‌తోనే ఉంటాను. సీడ్స్‌కి పీఎన్‌జీసూట్ అనే పరీక్షా బొమ్మల సెట్‌లోని 1×1 నుంచి 9×9 దాకా ఉన్న చిన్న ఫైళ్లన్నీ చేరుస్తున్నాను. ఆ తర్వాత 16 బిట్ బొమ్మల వంతు.