మొత్తానికి ఫోర్క్‌లిఫ్ట్ వచ్చింది

గుంటూరులో మా మిర్చి గోడౌన్‌కి ఎలక్ట్రిక్ ఫోర్క్‌లిఫ్ట్ తీసుకున్నాం ఎట్టకేలకి. డీజిల్ బండి పొగ లోపలే నిలిచిపోయేది, అసలే మిర్చి ఘాటు, హమాలీలు దగ్గలేక చచ్చేవాళ్లు. నేనేమో 3 టన్నులదే కావాలని పట్టుబట్టా, తీరా లెక్కేస్తే ప్యాలెట్ మీద, అదే సరుకు పేర్చే చెక్క పలక మీద, 45 కిలోల టిక్కీలు (మిర్చి బస్తాలు) 20 పెట్టినా 900 కిలోలే, టన్నున్నర బండి చాలు! అసలు గొడవంతా బ్యాటరీ దగ్గరే... లెడ్ యాసిడ్ చవకే గానీ ఛార్జింగ్‌కి 8 గంటలు, మళ్లీ అది చల్లారాలి, డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి, సీజన్‌లో అంత తీరిక ఎవరికుంది, అందుకే లిథియం, భోజనాల టైంలో గంట ప్లగ్ పెడితే సాయంత్రం దాకా లాగేస్తోంది. మాస్ట్, అంటే ముందు సరుకుని పైకి లేపే నిలువు ఫ్రేమ్, దించితే ఎంత ఎత్తుంటుందో మాత్రం ముందు కొలవలేదు, డెమో రోజే షట్టర్‌కి తగిలింది. మా నాన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.