తవ్విన తారును బయటికి పంపకుండా లేఅవుట్ రోడ్డు బాగు చేసిన అనుభవం

నేను చిన్న కాంట్రాక్టర్‌ని. సొంతానికి ఉన్నవి ఒక బేబీ రోలర్, ప్లేట్ కంపాక్టర్, కంప్రెసర్, స్లాబులకు వాడే కాంక్రీట్ మిల్లర్, అంతే. మిక్స్ పరిచే పేవర్ మెషీన్ కావాలన్నా టిప్పర్లు కావాలన్నా కిరాయికి తెచ్చుకోవాల్సిందే. శంకర్‌పల్లి వైపు ఒక పాత లేఅవుట్‌లో లోపలి తారు రోడ్లు బాగు చేసే పని పోయిన ఎండాకాలం దొరికింది, సుమారు 900 మీటర్ల పొడవు, ఐదున్నర మీటర్ల వెడల్పు. లేఅవుట్ ఇళ్ళవాళ్ళ అసోసియేషన్ దగ్గర ఉన్న డబ్బుకి మామూలు పద్ధతిలో అది అయ్యే పని కాదు, అందుకే తవ్వి తీసిన పాత తారు పొరనే, వేడి చేయకుండా ఎమల్షన్ (నీళ్ళలో కలిసిన తారు) కలిపి, మళ్ళీ అదే రోడ్డుకి వాడాం. ఇలాంటి పనులు చేసేవాళ్ళకి, చేయించుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

నాకంటే ముందు వచ్చిన కొటేషన్‌లో పాత రోడ్డు మీదే రెండు పొరలు హాట్ మిక్స్ (ప్లాంటులో వేడిగా కలిపిన తారు, కంకర) వేస్తామని ఉంది. ఇప్పటికే అలా పొర మీద పొర వేసుకుంటూ పోయి రోడ్డు ఇళ్ళ గేట్ల కంటే పైకి వచ్చేసింది, గట్టి వాన పడితే నీళ్ళు నేరుగా సంపుల్లోకి. ఇంకా ఎత్తు పెంచితే ఎవరూ ఊరుకోరు, కాబట్టి మిల్లింగ్ చేసి, అంటే మెషీన్‌తో గీకి, పై పొర తీయక తప్పదు. తీసిన మెటీరియల్ ఏమవుతుంది? చాలా చోట్ల టిప్పర్ వాళ్ళు ఫిల్లింగ్‌కి తీసుకుపోతారు, పైగా తీసుకుపోయినందుకు మన దగ్గరే కిరాయి వసూలు చేస్తారు. ఒకసారి లెక్క వేసి చూడండి. 4,950 చదరపు మీటర్లు, 40 మిల్లీల లోతు అంటే 198 ఘనపు మీటర్లు, బరువులో సుమారు 465 టన్నులు. అందులో 5 శాతం తారు అనుకుంటే 23 టన్నుల పైనే. టన్ను యాభై వేలు వేసుకున్నా పదకొండు లక్షలు దాటుతుంది. అయితే పాత తారు ఎండకి, గాలికి గట్టిపడిపోయి ఉంటుంది, చల్లగా కలిపినప్పుడు కొత్త తారులాగా అంటుకోదు, కాబట్టి ఆ పదకొండు లక్షలూ మిగిలినట్టే అని ఎవరైనా చెబితే నమ్మకండి. నిజంగా మిగిలేది కంకర డబ్బు, రవాణా డబ్బు. మా పనికి అదే చాలు.

ముందు రోడ్డంతా నడిచి సుద్దతో గుర్తులు పెట్టాం. మొసలి తోలు పగుళ్లు ఉన్న చోటల్లా చిన్న గుంత తవ్వి చూశాం, పైన తారు, కింద వెట్ మిక్స్ (నీళ్ళతో కలిపి అణిచిన కంకర), దాని కింద నల్లరేగడి. చాలా చోట్ల వెట్ మిక్స్‌లోకి నల్లమట్టి ఎక్కేసింది, అంటే అడుగే పోయింది, పైన ఎంత ఖరీదైన పొర వేసినా నిలవదు. ఇలాంటివి మొత్తం రోడ్డులో మూడో వంతు తేలాయి. మిగతా రోడ్డుకి పై పొర మారిస్తే సరిపోతుంది. చెడిపోయిన చోట్లన్నీ డ్రెయిన్ పూడిపోయిన పక్కనే ఉన్నాయి, అందుకే డ్రెయిన్ పూడిక తీయిస్తేనే పని మొదలుపెడతానని ముందే చెప్పేశాను. తారుకి ఖర్చు పెట్టమంటే సరే అంటారు గానీ డ్రెయిన్ అనేసరికి మీటింగ్ మీద మీటింగ్!

మెషీన్ విషయానికొస్తే, రెండు మీటర్ల డ్రమ్ము ఉన్న పెద్ద మిల్లింగ్ మెషీన్ లోబెడ్ ట్రైలర్ మీద రావాలి. దాని రానుపోను ఖర్చు 900 మీటర్లకైనా తొమ్మిది కిలోమీటర్లకైనా ఒకటే. అరమీటరు డ్రమ్ము ఉన్న చిన్నది కిరాయికి తీసుకున్నాం. నెమ్మదిగా పోతుంది, కానీ ఇరుకు మలుపుల్లో అదే నయం. మ్యాన్‌హోల్ మూతల చుట్టూ మాత్రం దాన్ని వద్దనుకుని బ్రేకర్‌తో కొట్టించాం, ఇనుముకి తగిలితే డ్రమ్ము పళ్ళు పోతాయి, ఆ ఖర్చు మన మీదే రాస్తారు.

మిల్లింగ్‌లో వచ్చిన పొడిని ఖాళీ ప్లాట్‌లో పోయించాం. ఎత్తుగా పోస్తే ఎండకి మళ్ళీ అతుక్కుపోతుంది, అందుకే మనిషి ఎత్తు దాటనివ్వలేదు. తర్వాత 20 మిల్లీల జల్లెడ పట్టి పెద్ద పెడ్డలు వేరు చేశాం. ఆ కుప్ప చూసి అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు, ‘పీకేసిన చెత్తే మళ్ళీ మాకు వేస్తారా?’ అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం, చూడటానికి అలాగే ఉంటుంది. బిటుమెన్ రోడ్ల రీసైక్లింగ్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళదే ఐఆర్‌సీ 120 అని 2015లో వచ్చిన పుస్తకం ఉందని చూపించాను. అయినా నమ్మకం కుదరలేదు. అందుకని పొడిలో ఎమల్షన్, సిమెంటు కలిపి శాంపిల్ చేసి ల్యాబ్‌కి పంపించాం. రోడ్డు మందం డిజైన్‌కి చూసే ఐఆర్‌సీ 37 ప్రకారం ఇలాంటి మిశ్రమం దిమ్మె పొడిగా ఉన్నప్పుడు కనీసం 225 కిలోపాస్కల్, నానబెట్టాక 100 కిలోపాస్కల్ బలం చూపాలి. రెండూ దాటాయి. రిపోర్టు చూశాకే అడ్వాన్స్ చేతికొచ్చింది.

కలపడం గురించి కొంచెం వివరంగా చెప్తా, తేడా వచ్చేది ఇక్కడే. అడుగు పోయిన చోట్ల చెడిన వెట్ మిక్స్ తీసేసి, నల్లమట్టి బయటపడిన చోట గ్రావెల్ వేసి రోలింగ్ చేసి, ఆపైన 100 మిల్లీల రీసైకిల్ పొర వేశాం. మిల్లర్‌లో ముందు పొడి, ఒక శాతం సిమెంటు, తర్వాత నీళ్ళు, చివర్లో నీళ్ళు, తారు నెమ్మదిగా విడిపోయే ఎస్ఎస్-2 రకం ఎమల్షన్ టన్నుకి 35 కేజీల లెక్కన. ఈ వరస మారకూడదు. నీళ్ళు పడకముందే ఎమల్షన్ పోస్తే సన్నటి డస్టే దాన్నంతా పీల్చేసుకుని ఉండలు కడుతుంది, రాయికి పట్టదు. ఎమల్షన్ డ్రమ్ములు నిలవ ఉంటే అడుగున పేరుకుంటుంది, మూత తీసే ముందు బాగా దొర్లించాలి. తడి సరిపోయిందో లేదో మా మేస్త్రీ పిడికిట్లో నొక్కి చూసేవాడు, ముద్ద నిలవాలి, చేతికి నీళ్ళు కారకూడదు. సిమెంటు ఉంటుంది కాబట్టి కలిపినది గంటల తరబడి ఉంచడానికి లేదు, కలిపినంతా వెంటనే పరిచి రోలింగ్ చేయాల్సిందే. మధ్యాహ్నం ఎండలో ఎమల్షన్ మరీ తొందరగా విరుగుతోంది (తారు విడిపోతోంది), అందుకని పొద్దున్నే మొదలుపెట్టి పదకొండుకల్లా ఆపేసేవాళ్ళం. తారు వేడి చేసే పని లేదు, కట్టెలు లేవు, పొగ లేదు, కూలీల చేతులు కాలే భయం లేదు. నాకు ఈ పద్ధతి నచ్చడానికి డబ్బు కంటే ఇదే ఎక్కువ కారణం.

టెన్షన్ అంతా ఆరబెట్టడంలోనే వచ్చింది. లోపల తడి పోకుండా పైన హాట్ మిక్స్ వేస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. ఎండ మా వైపే ఉంది గానీ వాటర్ ట్యాంకర్ల వాళ్ళు బారికేడ్ పక్కకి లాగేసి పోయేవాళ్ళు. చివరికి ట్యాంకర్లు వచ్చే టైం అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టించి, ఆ టైంకి ఒక మనిషిని కాపలా ఉంచితే గానీ దారికి రాలేదు.

పైన 30 మిల్లీల హాట్ మిక్స్, అదొక్కటే ప్లాంటు నుంచి. కింద పొర అంటుకోవడానికి ఆర్ఎస్-1 రకం ఎమల్షన్‌తో పలుచటి పూత (ట్యాక్ కోట్) కొట్టి, అది గోధుమ రంగు నుంచి నల్లగా మారేదాకా ఆగి అప్పుడు పరిచాం. ప్రతి టిప్పర్‌లో థర్మామీటర్ గుచ్చాను. వీజీ-30 గ్రేడు తారుతో చేసిన మిక్స్ పరిచేటప్పటికి కనీసం 140 డిగ్రీలు ఉండాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని చల్లారిపోయిన లోడు ఒకటి వెనక్కి పంపాను, ప్లాంటు వాళ్ళు ఫోన్లో చాలానే గొడవ చేశారు, ఆ లోడు డబ్బుల పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. 40 తీసి 30 వేశాం కాబట్టి రోడ్డు గేట్ల దగ్గర సెంటీమీటరు దిగింది.

అనుకున్నట్టే కొన్నాళ్ళకి ఒకాయన నల్లా పైపు కోసం కొత్త రోడ్డు తవ్వించేశాడు. గుంత పూడ్చి, గట్టిగా దిమ్మిస కొట్టించి, పైపొర కోసం గ్యాస్‌తో నడిచే ఇన్‌ఫ్రారెడ్ హీటర్ కిరాయికి తెచ్చాం. మంట తారుకి తగలదు, పైనుంచి వేడి మాత్రమే దిగుతుంది. పది నిమిషాల్లో పై 40 మిల్లీలు మెత్తబడితే పళ్ళపారతో గీరి, పాత మిక్స్‌లోనే కొంచెం కొత్తది కలిపి రోలర్ తిప్పాం, అతుకు కనపడలేదు. ఇలాంటి కోతలకి బాగుంటుంది, అడుగు పోయిన గుంతకి మాత్రం దండగ. వానల్లో అయితే బస్తాల్లో వచ్చే రెడీమేడ్ ప్యాచ్ మిక్స్ వాడుకోవచ్చు, కేజీ రేటు చూస్తే గుండె ఆగుతుంది గానీ రెండు బుట్టల పనికి ప్లాంటు లోడు తెప్పించడం కంటే చవకే.

ఖర్చు విషయానికొస్తే, ఆ మొదటి కొటేషన్‌తో పోలిస్తే అసోసియేషన్‌కి మూడో వంతు దాకా మిగిలింది. మిగిలిపోయిన పొడిని పార్కింగ్ పక్కన అంచులకి పరిపించాం. వానాకాలం దాటాక చూస్తే రీసైకిల్ పొర వేసిన చోట్లు నిలబడ్డాయి. ట్యాంకర్ తిరిగే ఒక మలుపులో మాత్రం పైపొర కొంచెం జరిగింది, అది సరి చేశాకే బిల్లులో ఆపిపెట్టిన 10 శాతం ఇస్తామన్నారు. హీటర్ వాళ్ళ డేట్ కోసం చూస్తున్నా.