మెమో మీద సంతకం పెట్టేముందు

సమ్మె విరమించి డ్యూటీలో చేరిన మొదటి వారమే కవర్లలో మెమోలు, అంటే సంజాయిషీ అడిగే కాగితాలు, వస్తాయి. సెక్షన్ గుమాస్తా తెచ్చి బల్ల మీద పెట్టి, సంతకం పెట్టమంటాడు. చెన్నైలో ఉండే తెలుగువాళ్ళకి ఇక్కడ ఇంకో చిక్కుంది. మనలో చాలామంది తమిళం గడగడా మాట్లాడతారు, చదవాల్సి వస్తే మాత్రం కూడబలుక్కోవాలి. కాగితంలో ఏముందో అర్థమయ్యేలోపే సంతకం పడిపోతుంది. ఉద్యోగాలు చాలావరకు దెబ్బతినేది రోడ్డు మీద కాదు, ఈ బల్ల దగ్గరే.

తీసుకోను అని మొండికేయకండి. తీసుకోలేదని సాక్షులతో రాయించి, అందినట్టే లెక్కేస్తారు. అలాగని ఊరికే సంతకం గీకి ఇవ్వకండి. "అందుకున్నాను" అనే ఒక్క మాట, ఎన్ని పేజీలు, తేదీ, సమయం రాసి, దాని కింద సంతకం పెట్టండి. "అంగీకరిస్తున్నాను" అనే మాట ఏ భాషలో ఉన్నా కొట్టేయండి. జవాబివ్వాల్సిన గడువు మెమోలోనే ఉంటుంది, రోజులు లెక్కపెట్టేది మీరు రాసిన తేదీ నుంచే.

తర్వాత తేల్చుకోవాల్సింది, మీరు ఎవరి ఉద్యోగి అన్నది. చెన్నైలోని విల్లివాక్కంలో ఒకే వీధిలో ఉన్న ముగ్గురికి మూడు రకాల నియమాలు ఉండొచ్చు. సర్కారు బడి టీచరుకి తమిళనాడు ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళిలోని 22వ నియమం సమ్మెను నిషేధిస్తుంది. ఆయనకొచ్చే మెమో మీద రాష్ట్ర క్రమశిక్షణ నియమాల్లోని 17(ఎ) ఉంటే చిన్న శిక్ష, 17(బి) ఉంటే డిస్మిస్ దాకా పోగల పెద్ద శిక్ష. ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం) కార్మికుడికి 1968 నాటి రైల్వే క్రమశిక్షణ నియమాలు. ప్రభుత్వ రంగ కంపెనీ కార్మికుడికి కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లు (ఆ సంస్థ సర్వీసు నియమాలు), కార్మిక చట్టాలు. విచారణ లేకుండా తొలగించకూడదన్న రాజ్యాంగ 311వ అధికరణ రక్షణ మొదటి ఇద్దరికీ ఉంది, కంపెనీవాడికి లేదు. ఆయుధ కర్మాగారాలున్న ఆవడిలో అయితే ఇంకా తికమక. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసి ఏడు కంపెనీలు పెట్టారు. గేటు మీద కంపెనీ పేరొచ్చింది గానీ, డీమ్డ్ డెప్యుటేషన్ (ప్రభుత్వం కంపెనీకి తాత్కాలికంగా పంపినట్టు లెక్క) మీద అందులోకి వెళ్ళిన పాతవాళ్ళు అలా ఉన్నంతకాలం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులే. పక్కింటాయన రాసిన జవాబు చూసి దించేస్తే నష్టపోయేది అందుకే.

కంపెనీ కార్మికులు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌ని జాగ్రత్తగా చదవాలి. ఇదివరకు సమ్మెకి ముందు నోటీసు తప్పనిసరి అన్నది ప్రజోపయోగ సేవలకే. ఇప్పుడు అన్ని సంస్థలకూ 14 రోజుల నోటీసు కావాలి. ఇరుకు ఎక్కడుందంటే, కార్మిక శాఖ రాజీ అధికారి ముందు చర్చలు నడుస్తున్నప్పుడూ, అవి ముగిశాక ఏడు రోజులదాకానూ సమ్మె చేస్తే అది చట్టవిరుద్ధం. నోటీసు అందాక రాజీ అధికారి పెట్టే మొదటి సమావేశంతోనే చర్చలు మొదలైనట్టు లెక్క. అంటే పదమూడో రోజున పిలిచి టీ ఇచ్చి కూర్చోబెట్టినా మీ సమ్మె తేదీ దాటిపోతుంది. సమ్మె హక్కు పుస్తకంలో ఉంచి చేతికి అందకుండా చేయడమే ఇది, నాకు ఇందులో రెండో మాట లేదు. సగం మంది గానీ, అంతకు మించి గానీ ఒకేరోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మే. చట్టవిరుద్ధ సమ్మెకి వెయ్యి నుంచి పదివేల దాకా జరిమానా, లేదా నెలదాకా జైలు, లేదా రెండూ.

సమ్మె వేరు, ప్రదర్శన వేరు. 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వోద్యోగుల సమ్మె నిషేధాన్ని ఉంచింది గానీ, ప్రదర్శనలన్నింటినీ నిషేధించిన నియమాన్ని కొట్టేసింది. డ్యూటీ అయ్యాక గేటు బయట శాంతియుతంగా నినాదాలిచ్చినందుకు మెమో వస్తే మీ జవాబులో మొదటి వాక్యం అదే కావాలి. మూకుమ్మడి మెమోల్లో పేరు తప్ప అన్నీ ఒకటే ఉంటాయి కాబట్టి, ఆ రోజు మంజూరైన సెలవులో ఉన్నవాళ్ళకీ అందొచ్చు. హాజరుపట్టీ నకలు, ఫిర్యాదు నకలు అడుగుతూ ముందు ఒక ఉత్తరం రాయండి. అవి ఇవ్వకుండా విచారణ నడిపితే ఆ ఉత్తరమే రేపు మీ బలం.

సస్పెండ్ చేస్తే జీవనభృతి అడగండి. స్టాండింగ్ ఆర్డర్ల కిందకొచ్చేవాళ్ళకి మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం మీవల్ల కాకపోతే తర్వాత 75 శాతం. మరో చోట పనిచేయడం లేదన్న ధ్రువపత్రం నెలనెలా మీరే ఇవ్వాలి, అది లేదనే బిల్లు ఆపుతారు. భృతి ఇవ్వకుండా ఉద్యోగిని విచారణకి రాలేని స్థితిలోకి నెట్టినందుకు, 1999లో భారత్ గోల్డ్ మైన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ విచారణనే తప్పుపట్టింది. దూరానికి బదిలీ చేస్తే ముందు చేరండి, తర్వాత పోరాడండి. చేరకపోతే అదొక కొత్త అభియోగమవుతుంది.

ఇక క్షమాపణ పత్రం. 2003 జులైలో తమిళనాడు ప్రభుత్వం టెస్మాని (తమిళనాడు అత్యవసర సేవల నిర్వహణ చట్టం) ఆర్డినెన్సుతో సవరించి, సమ్మెలో ఉన్న దాదాపు 1.7 లక్షల మందిని తీసేసింది. ఆగస్టు 6న టి.కె. రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వోద్యోగులకి సమ్మె హక్కు లేదంది. బేషరతు క్షమాపణ, 22వ నియమం పాటిస్తామన్న హామీ రాసిచ్చినవాళ్ళని వెనక్కి తీసుకున్నారు. అరెస్టయిన 2,200 మందినీ, ఎఫ్ఐఆర్ ఉన్నవాళ్ళనీ మాత్రం అప్పుడు పక్కన పెట్టేశారు. ఇంట్లో పొయ్యి ఆరిపోతుందన్న భయాన్ని చూపించి లక్షకి పైగా మంది చేత తలవంచించిన ఆ పద్ధతి అన్యాయమే.

మీ చేతికి అలాంటి ఫారం వస్తే ఒక్కో వాక్యం తమిళం చదవగలిగినవాళ్ళతో చదివించుకోండి. ఇకపై నియమాలు పాటిస్తానన్న హామీ ఒక రకం. అడ్డుకున్నాను, ఆస్తి పాడుచేశాను, ఫలానావాళ్ళు రెచ్చగొట్టారు అనే వాక్యాలు ఇంకో రకం. అవి క్రిమినల్ కేసులో మీ మీదా, మీ తోటివాళ్ళ మీదా సాక్ష్యమవుతాయి. వాటిని గీత గీసి కొట్టేసి, గీత పక్కన పొడి సంతకం పెట్టి, జిరాక్సు తీసుకున్నాకే ఇవ్వండి.