కొత్తవాళ్ళతో మాట్లాడతారా అంటే, ఏ భాషలో?

మొన్న ఫోన్‌లో పర్సనాలిటీ టెస్ట్ చేస్తూ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. కొత్తవాళ్ళతో తేలిగ్గా మాట కలుపుతారా అని. ఏ భాషలో అని మాత్రం అడగలేదు.

మాది ఆంధ్ర సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి, ఉద్యోగం రాయగడలో, రెండూ ఒడిశాలోనే. ఒడియా చదువుతాను, రాస్తాను, కానీ మీటింగ్‌లో ఎదురు చెప్పాలంటే మాటలు మనసులో పేర్చుకునేలోపే చర్చ ఇంకో విషయానికి వెళ్ళిపోతుంది. అందుకే ఆఫీసులో అందరి లెక్కలో నేను ఇంట్రోవర్ట్‌ని. అదే నౌపడా వెళ్ళే ప్యాసింజర్‌లో పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగుముడి విప్పి టికెట్ చూపించి "టెక్కలి వస్తే సెప్పు నాయనా" అంది, పాతపట్నం దాటేసరికి ఆవిడ ఇద్దరు కోడళ్ళ సంగతులూ నాకు తెలుసు, నా పెళ్ళి సంబంధాల సంగతి ఆవిడకి తెలుసు. ఆఫీసుని తలుచుకుని టెస్ట్ చేస్తే 'ఐ' వచ్చింది, అంటే ఇంట్రోవర్ట్, తనలో తాను ఉండేవాడు. వారం తర్వాత రైలుని తలుచుకుని చేస్తే 'ఈ', అంటే ఎక్స్‌ట్రోవర్ట్, నలుగురితో కలిసిపోయేవాడు.

ఈ రెండు మాటల్నీ జనంలోకి తెచ్చింది స్విస్ మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్, 1921లో. రెండు ధోరణులూ ప్రతి మనిషిలో ఉంటాయి, ఏది పైచేయి అన్నదే తేడా అని ఆయనే అన్నాడు. తర్వాత అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసాబెల్ మైయర్స్ దాన్ని నాలుగేసి అక్షరాలతో 16 రకాలు చేశారు. నడిమధ్యలో ఉన్నవాడికి రెండు జవాబులు అటూ ఇటూ అయితే చాలు, అక్షరమే మారిపోతుంది. స్వభావాన్ని ఐదు లక్షణాలుగా కొలిచే బిగ్ ఫైవ్ పద్ధతి నాకు నచ్చేది అందుకే, అక్షరం అంటగట్టదు, కొలబద్ద మీద ఎక్కడున్నావో చెబుతుంది.

ఇంకోటి, నలుగురిలో నోరు విప్పడానికి భయపడితే అది బిడియం. ఇంట్రోవర్షన్ వేరు, సందడి కొంచెంతోనే చాలనిపించడం. ఆ రైలు దిగాక నాకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు, అరగంట ప్లాట్‌ఫారం చివర ఒక్కణ్ణే కూర్చున్నాను, ప్రాణం హాయిగా ఉంది. కాబట్టి ఆఫీసువాళ్ళ మాట నిజమే కావచ్చు, కానీ వాళ్ళు చూసింది నా స్వభావాన్ని కాదు, నా ఒడియాని.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా మేనకోడలు రెండో తరగతి, రిపోర్టులో "ఎవరితోనూ కలవదు" అని రాశారు. ఇంట్లో దాని నోరు మూతపడదు! అక్క టెన్షన్ పడి ఫోటో తీసి పంపింది. ఆ బళ్ళో తెలుగు వచ్చిన ఆయా ఒకావిడ ఉందట, పొద్దున్నే గేటు దగ్గరే ఇది ఆవిడతో కబుర్లు మొదలెడుతుందట. సోమవారం సెలవు పెట్టాను. టీచరుగారిని ఒక్కసారి ఆ గేటు దగ్గరికి రమ్మని అడుగుతాను.