రంగారెడ్డి పల్లెల్లో ఆ ఉప్మా చేసిన పని

అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేసినన్నాళ్లూ సమీక్షా సమావేశాల్లో నాకు ఎదురైన ప్రశ్న ఒక్కటే: ఈ నెల ఎంతమంది పిల్లలు బరువు పెరిగారు? పెరగకపోతే పెట్టిన తిండి దండగ అన్నట్టే మాట్లాడేవారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కడుపులో ఉన్నప్పుడూ, పుట్టిన తొలి ఏళ్లలోనూ అందిన తిండి ఒంట్లో ఏం చేస్తుందో నెలాఖరు తూకానికి ఏం తెలుస్తుంది? దీనికి రుజువు మన హైదరాబాదు పక్కనే ఉంది.

1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ నగర శివారు పల్లెల్లో ఒక అధ్యయనం నడిపింది. అప్పట్లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి) పథకం అంచెలంచెలుగా విస్తరిస్తోంది. పథకం చేరిన ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ వండి పెట్టేవారు. మొక్కజొన్న, సోయా కలిసిన పిండిని సోయా నూనెతో వండిన ఉప్మా అది. తల్లికి సుమారు 500 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల ప్రొటీను అందేవి. పిల్లలకు అందులో ఇంచుమించు సగం. పథకం ఇంకా చేరని పక్క ఊళ్లతో వీటిని పోల్చారు.

అసలు విశేషం ఆ తర్వాతిది. 2003-05లో పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు, రెండు రకాలూ కలిపి 29 ఊళ్లకు, వెళ్లారు. అప్పటి పసివాళ్లు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యారు. 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు పక్క ఊళ్ల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ చెప్పినట్టు ఒళ్లు వినకపోవడాన్ని లెక్కగట్టే కొలత వారిలో 20 శాతం తక్కువ. ధమనుల బిరుసుదనాన్ని తెలిపే సూచిక కూడా 3.3 శాతం తక్కువే. కొత్త రబ్బరు గొట్టంలా ధమని సాగినన్నాళ్లూ గుండె మీద భారం పడదు. రక్తపోటులో, కొవ్వుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పథకం ఏ ఊళ్లకు ముందు చేరాలో చీటీలు తీసి నిర్ణయించలేదు కాబట్టి, ఊళ్ల మధ్య వేరే తేడాలూ ఉండి ఉండవచ్చు. అయినా ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయని తెలిసినప్పుడు నా కళ్లు చెమర్చాయి. షుగరు, గుండెజబ్బు నలభై ఏళ్లు దాటాక వచ్చే జబ్బులని మనం అనుకుంటాం. వాటిని అడ్డుకునే పని తల్లి పళ్లెం దగ్గరే మొదలుపెట్టవచ్చునన్నమాట.

ఆ పళ్లెం తల్లి దాకా చేరడమే కష్టం. ఇంటికిచ్చిన పిండి పొట్లం ఇంటిల్లిపాదికీ వంటవుతుంది. గర్భిణికి దక్కేది చివరి గరిటె. ‘బిడ్డ లావైతే కాన్పు కష్టమవుతుంది టీచరమ్మా, సగం తింటే చాలు’ అనే అత్తగార్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. కోడలు తలవంచుకుని పళ్లెంలో సగం పక్కకు జరిపేది. అందుకే అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చోబెట్టి పూట భోజనం, గుడ్డు, పాలు ఇచ్చే ఆరోగ్యలక్ష్మి పథకం 2015లో తెలంగాణలో మొదలైనప్పుడు నేను మనసారా సంతోషించాను. అక్కడ తల్లులు టీచరు కళ్లెదుటే తింటారు, ఎవరి ముద్ద వాళ్లకే దక్కుతుంది.

కానీ ఒక కంత మిగిలిపోయింది. తొలి కాన్పుకు ఏడో నెలలో ఆడపిల్ల పుట్టింటికి వెళుతుంది. అత్తవారి ఊళ్లో రిజిస్టరులోంచి పేరు పోతుంది, పుట్టింటి ఊళ్లో ఎక్కడానికి వారాలు పడుతుంది. కడుపులో బిడ్డ అన్నిటికంటే వేగంగా బరువు పెరిగే నెలలు అవే. ఊరు మారిన రోజే రెండో కేంద్రంలో ఆమెకు పళ్లెం వేయాలి, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు. పై అధికారులను నేను ఇప్పటికీ అడుగుతున్నది ఇదే.