వీరాపురం చింతచెట్ల మీద కొంగలు

కొంగలు గూళ్ళు కట్టే ఊరు వీరాపురం, బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళకి ఒక్కరోజులో వెళ్ళొచ్చే దూరం. తెల్లవారుజామునే హైదరాబాద్ హైవే ఎక్కి, బాగేపల్లి దాటాక కొడికొండ చెక్‌పోస్టు దగ్గర చిలమత్తూరు వైపు తిరిగాం. మార్చి నెల, వేపలు పూతమీదున్నాయి. పక్షుల కేంద్రం అంటే చెరువు, వాచ్‌టవర్, టికెట్ కౌంటర్ ఊహించుకుంటాం కదా, ఇక్కడ కొంగలు ఊళ్ళోనే కాపురం పెట్టాయి. ఇళ్ళ మధ్య చింతచెట్లు, వాటి నిండా ఎర్రకాళ్ళ కొంగల గూళ్ళు.

కారు దిగగానే కంపు ముక్కుకి కొట్టింది. పచ్చి చేపలు, రెట్ట కలిసిన కంపు. చెట్ల కింద నేలంతా సున్నం చల్లినట్టుంది. టోపీ లేకుండా వెళ్ళకండి, ఎందుకో చెప్పక్కర్లేదు.

పక్షులు ఎంత దగ్గరంటే పెద్ద లెన్స్ బ్యాగులోంచి తియ్యలేదు. ఇబ్బందల్లా వెలుతురుతోనే. తెల్ల ఈకల మీద ఎండ పడితే గీతలన్నీ పోయి ఉత్త తెలుపు మిగులుతుంది, అందుకే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి పెట్టాను. వాలే కొంగని ఎదురుగా తియ్యాలంటే గాలి మన వీపుకి తగిలేలా నిలబడాలి. అవి గాలికి ఎదురొచ్చి వాలతాయి కాబట్టి మొహం మనవైపే ఉంటుంది. చాలామంది ఇక్కడ కరెంటు తీగ, డిష్ గొడుగు ఫ్రేములోకి రాకుండా తంటాలు పడతారు. నాకు మాత్రం అవి ఉంటేనే వీరాపురం అనిపించింది.

పెద్ద కొంగలు ముక్కులు టకటకలాడించడం తప్ప పెద్దగా అరవవు. గోలంతా పిల్లలదే. తల్లి వచ్చి గూటి మధ్యలో చేపలు కక్కగానే మూడూ మీద పడిపోయాయి. ఒక చేప జారి రేకుల మీద పడింది, కాకి ఎత్తుకుపోయింది.

ఎండ ముదిరాక చూసిందే అన్నిటికంటే బాగుంది. ఒక పెద్ద కొంగ సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి పిల్లలకి నీడ పట్టింది. మెడ కింద చర్మం అదురుతోంది, ముక్కు తెరిచి రొప్పుతోంది, అయినా కదల్లేదు. కాళ్ళు తెల్లగా మారిపోయాయి. ఎండాకాలం ఈ కొంగలు తమ కాళ్ళ మీదే రెట్ట వేసుకుంటాయి, ఆ తడి ఆరుతుంటే ఒంటి వేడి తగ్గుతుంది. కెమెరా పక్కన పెట్టేసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా.

ఈలోగా ఎగిరే ఫొటో కోసం ఒకాయన చప్పట్లు కొట్టాడు. పదేళ్ళ పిల్లాడొకడు గయ్యిమన్నాడు: “అన్నా, కొట్టొద్దు! పిల్లలు కింద పడతాయి!” ఆయన కిక్కురుమనకుండా కారెక్కాడు. పడిన పిల్లల కోసం కుక్కలూ కాకులూ కాచుకునే ఉంటాయి మరి.

అరుగు మీద కూర్చున్న అవ్వని అడిగాను, “ఈ చెట్టు కాయలు దులపరా అవ్వా?”

“యాడ దులిపేది నాయనా? గూట్లో పిల్లలుంటే దులిపేకి మనసొస్తాదా? అవి వచ్చిన ఏడు ఊరికి మంచిదప్పా.”

“మరి ఈ కంపు?”

“మీకు కంపు. మాకేం తెలీదు,” అని నవ్వి, మంచినీళ్ళ చెంబు అందించింది.

మధ్యాహ్నం లేపాక్షికి వెళ్ళి అన్నం తిన్నాం. నా చొక్కా భుజం మీద తెల్లటి మరక చూసి హోటలాయన, “వీరాపురం నుంచేనా సార్?” అన్నాడు.